నియమం నుంచి వాడుకకు: పల్నాటి క్రైస్తవ జీవితంలో వారపు క్రమం

ఉపోద్ఘాతం

తెలుగు క్రైస్తవ చరిత్ర రచనలో బాప్తిస్మానికి దక్కిన ప్రాధాన్యం బాప్తిస్మం తరువాతి దైనందిన జీవితానికి దక్కలేదు. 1878 జూలై 3న ఒంగోలు సమీపంలోని వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంఖ్య ఈ చరిత్రతో పరిచయం ఉన్నవారందరికీ కంఠస్థమే. వారు తమ పల్లెలకు తిరిగి వెళ్లిన తరువాతి ఆదివారం ఏం చేశారు, ఆపై వచ్చిన ఆదివారాలను ఎలా గడిపారు, పొద్దున లేచి ఏ మాట పలికారు, దీపాలు పెట్టే వేళ ఎక్కడ కూడారు అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వినిపిస్తాయి. సంఘటనను నమోదు చేయడం తేలిక. అలవాటును నమోదు చేయడం కష్టం. అలవాటు రోజూ జరుగుతుంది గనుక దానిని ఎవరూ ప్రత్యేకించి రాసిపెట్టరు.

ఈ వ్యాసం ఆ రెండవ ప్రశ్నను చేపడుతుంది. నేటి పల్నాడు జిల్లాలోని నరసరావుపేట, వినుకొండ, గురజాల ప్రాంతాలలో పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి ఏర్పడిన క్రైస్తవ సమాజాలు తమ మతజీవితాన్ని ఏ నియమాల మీద, ఏ వాడుకల మీద నిలుపుకున్నాయో పరిశీలించడం దీని లక్ష్యం. ఈ పరిశీలన ప్రతిపాదించేది ఇది: పల్నాటి మాల, మాదిగ వాడలలో క్రైస్తవం ముందుగా ఒక కాలక్రమంగా వేళ్లూనింది, సిద్ధాంతజ్ఞానం ఆ తరువాత వచ్చింది. ఆ క్రమానికి కేంద్రమైన ఆదివార నియమం దైవభక్తికి గుర్తు. అదే సమయంలో తన పొద్దు మీద తనకు హక్కు ఉందని శ్రామికుడు చేసిన ప్రకటన కూడా. అది అలవాటుగా స్థిరపడినందువల్లనే తరతరాలు నిలిచింది. అదే కారణంగా కొన్ని పాత అడ్డుగోడలను కూడా తనతో తెచ్చుకుంది.

ప్రాంతం, మిషన్ల రాక

పల్నాటి ప్రాంతానికి ప్రొటెస్టెంటు క్రైస్తవం రెండు దారుల్లో వచ్చింది. మొదటిది లూథరన్ దారి. అమెరికా నుంచి వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు. 1849లో ఆయన గురజాలను కేంద్రంగా చేసుకుని పల్నాటి పల్లెల్లో పనిచేశారు. రెండవది బాప్టిస్టు దారి. నెల్లూరు కేంద్రంగా 1840 నుంచి సాగిన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్, 1866లో జాన్ ఎవరెట్ క్లౌ రాకతో ఒంగోలుకు విస్తరించింది. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. 1876–78 నాటి మహా కరువు, ఆ కాలంలో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల గుత్త తీసుకుని వేలమందికి పని కల్పించడం, కరువు నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపడం, ఆ తరువాత 1878లో సామూహిక బాప్తిస్మాలు అన్నీ ఈ క్రమంలోనివే. సభ్యుల సంఖ్య ఒంగోలు కేంద్రానికి మించిపోవడంతో 1883లో నరసరావుపేట, వినుకొండ, బాపట్ల వేరు కేంద్రాలయ్యాయి.

నరసరావుపేట మిషన్ కేంద్రం ఇలా ఏర్పడడంలో మన పరిశీలనకు పనికివచ్చే అంశం ఒకటి ఉంది. అక్కడ ముందు మిషనరీ వచ్చి తరువాత విశ్వాసులు ఏర్పడలేదు. విశ్వాసులు ముందే పల్లెపల్లెనా ఉన్నారు. దొర బంగళా, బడి, మందిరం తరువాత వచ్చాయి. ఈ మధ్యకాలంలో పల్లెలను నిలబెట్టింది మిషనరీ సాన్నిధ్యం కాదు. ఏడాదిలో ఒకటి రెండుసార్లు డేరా వేసుకుని వచ్చే దొర, అరుదుగా వచ్చే ప్రసంగీకుడు, ఈ రెండు రాకల నడుమ వాడ తనంతట తాను పాటించిన క్రమం. ఆ క్రమం ఎలాంటిదో తెలుసుకోవడానికి మూడు నియమాల చరిత్రను చూడాలి.

మూడు నియమాలు

క్లౌ చెప్పగా ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసి, ఆయన మరణానంతరం 1914లో వెలువడిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' గ్రంథంలో తొలితరం మాదిగ క్రైస్తవుల మధ్య ప్రచారంలో ఉన్న మూడు నియమాల ప్రస్తావన ఉంది. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు అన్నవి ఆ మూడు. క్రైస్తవ సిద్ధాంతంలో ముఖ్యమైన త్రిత్వం, ప్రాయశ్చిత్తం, పునరుత్థానం ఈ జాబితాలో లేవు. ఉన్నవన్నీ చేతలకు సంబంధించినవే. ఒకటి కాలాన్ని, ఒకటి దేహాన్ని, ఒకటి పూజను పట్టుకున్నాయి.

చదువు రాని వాడకు అర్థమయ్యేలా కుదించిన బోధగా ఈ మూడింటిని చూడడం పరిపాటి. ఆ వివరణ అసంపూర్ణం. ఊరి ఆర్థిక వ్యవస్థలో మాదిగవాడ స్థానాన్ని గమనిస్తే ఈ నియమాలు ఎంత బరువైనవో తెలుస్తుంది. ఊరిలో పశువు చస్తే దాని కళేబరాన్ని తీసుకువెళ్లడం మాదిగల విధి. తోలు, మాంసం వారి హక్కు. ఆ తోలుతో రైతుకు చెప్పులు, మోట బావులకు తోలు బానలు, ఎద్దులకు పట్టెడలు, వార్లు చేసి ఇవ్వాలి. ఊరి దేవతల కొలుపులలో డప్పు కొట్టాలి. ప్రతిగా కళ్లంలో మేర దక్కుతుంది. ఇది విధి, హక్కు కలగలిసిన వ్యవస్థ. చచ్చిన గొడ్డును తినమనడం అంటే ఈ ముడిలో ఒక పోగు తెంపడం. విగ్రహపూజ వద్దనడం అంటే కొలుపులో డప్పు మానడం. ఆదివారం పని వద్దనడం అంటే ఏడు రోజుల్లో ఒకరోజు రైతు పిలుపుకు పలకకపోవడం.

మూడింటిలోనూ ఊరితో నేరుగా, మళ్లీ మళ్లీ ఘర్షణ తెచ్చిపెట్టినది మొదటిదే. పశువు ఎప్పుడో చస్తుంది. కొలుపు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. ఆదివారం మాత్రం ప్రతివారం వస్తుంది. నాట్ల కాలంలోనూ కోతల కాలంలోనూ వస్తుంది. ఏటి జీతానికి కుదిరిన పాలేరు ఆదివారం రానంటే రైతు దృష్టిలో అది ధిక్కారం. కరణాలు, రైతులు ఈ తిరస్కారాన్ని సహించక వాడలను ఇబ్బందులపాలు చేసిన తీరును క్లౌ గ్రంథం వివరిస్తుంది. అంత ఒత్తిడి నడుమ ఒకసారి పని మానడం సాహసం. ఏడాదికి యాభైరెండు సార్లు మానడానికి సాహసం చాలదు, అలవాటు కావాలి. నియమం వాడుకగా మారవలసిన అవసరం ఇక్కడే ఏర్పడింది.

ఈ సమాచారమంతా మిషనరీ రచనల నుంచే వస్తున్నదన్న స్పృహ అవసరం. నియమాలను ఎవరు రూపొందించారు, ఎవరు ముందుగా పలికారు అన్నది ఆ రచనలలో మిషనరీ భాషలో వడగట్టబడి కనిపిస్తుంది. అయినా ఒక అంశం ఆ రచనల నుంచే తేటపడుతుంది. దొర లేని పల్లెల్లో ఈ నియమాలను పాటించినదీ, పాటింపజేసినదీ వాడ పెద్దలే. ఊరి పంచాయతీ పద్ధతిని సంఘ నిర్వహణకు అనుసరించానని క్లౌ స్వయంగా చెప్పుకున్నారు. నియమభంగాన్ని విచారించడంలో వాడ తనకు తెలిసిన పెద్దరికపు పద్ధతినే వాడుకుంది.

ఊరి కాలం, వాడ కాలం

ఆదివార నియమం ఎంతమేరకు కొత్తది అన్నది విచారించదగిన ప్రశ్న. వారాన్ని బట్టి నియమం పాటించడం తెలుగు సమాజానికి కొత్త కాదు. సోమవారం శివునికి, శనివారం వేంకటేశ్వరునికి ఒక్కపొద్దు ఉండడం ఇంటింటి వాడుక. వారం అన్న మాటకే నియమార్థం అబ్బింది. 'వారాలు పట్టడం' అన్న పలుకుబడి దానికి సాక్ష్యం. తిథులు, నక్షత్రాలు, కార్తికం, ధనుర్మాసం వంటి పర్వకాలాలు ఊరి జీవితాన్ని నడిపేవి. నరసరావుపేటకు సమీపంలోని కోటప్పకొండ మహాశివరాత్రి తిరునాళ్ల, కారెంపూడి వీరుల ఉత్సవం పల్నాటి సంవత్సర చక్రంలో నేటికీ పెద్ద మజిలీలు.

అయితే ఈ నియమాలకూ ఆదివార నియమానికీ మధ్య రెండు భేదాలున్నాయి. మొదటిది, ఒక్కపొద్దు వ్యక్తి నియమం లేదా ఇంటి నియమం. అది పనిని ఆపదు. ఒక్కపొద్దు ఉన్న పాలేరు కూడా అరక కట్టవలసిందే. ఆదివార నియమం వాడ మొత్తానిది. అది పనినే ఆపుతుంది. రెండవది, ఊరి పండుగల కాలంలో దళితవాడకు స్థానం ఉంది, అయితే అది సేవకుని స్థానం. తిరునాళ్లలో డప్పు వారిది, ఉత్సవం ఊరిది. పండుగ రోజు కూడా వారికి పనిరోజే. ఆదివారం మందిరంలో కూర్చున్నవాడు ఎవరి పండుగకూ సేవకుడు కాడు. ఏడు రోజులలో ఒకరోజు అతని కాలానికి వేరొక యజమాని లేడు. ఉన్న యజమాని దేవుడే. ఆ దేవుని పేరు చెప్పి రైతుకు సమాధానం చెప్పవచ్చు.

ఆంగ్ల చరిత్రకారుడు ఇ. పి. థాంప్సన్ 1967లో ప్రకటించిన సుప్రసిద్ధ వ్యాసంలో, పారిశ్రామిక పెట్టుబడి గడియారం ద్వారా, గంట ద్వారా శ్రామికుల కాలాన్ని ఎలా క్రమబద్ధం చేసి వశపరచుకున్నదో చర్చించారు. ప్రొటెస్టెంటు క్రమశిక్షణ ఆ ప్రక్రియకు తోడ్పడిందని ఆయన అభిప్రాయం. పల్నాటి పల్లెల్లో అదే ప్రొటెస్టెంటు క్రమశిక్షణ భిన్నమైన ఫలితాన్నిచ్చింది. ఇంగ్లండులో గంట మోగితే కూలి పనిలోకి వెళ్లాలి. పల్నాటి వాడలో మందిరం గంట మోగితే కూలి పని మానాలి. ఇక్కడ శ్రామికుని కాలం పెట్టుబడి చేతిలో కాకుండా వంశపారంపర్య సేవా సంబంధం చేతిలో ఉండడమే ఈ తేడాకు కారణం. ఒకే నియమం రెండు సమాజాలలో రెండు విధాల పనిచేయడం మిషన్ చరిత్రను పాశ్చాత్య నమూనాల ప్రకారమే చదవడానికి ఒక హెచ్చరిక.

సాధన, నియమం, వాడుక

తొలి విశ్వాసులు ఈ క్రమశిక్షణను ఖాళీ మనసుతో స్వీకరించలేదు. ఒంగోలుకు పడమటి పల్లెలకు చెందిన యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ. ఆ ప్రాంతపు మాదిగల క్రైస్తవ ఉద్యమానికి ఆయనే ఆద్యుడు. క్రైస్తవుడు కాకముందు ఆయన రాజయోగ సంప్రదాయంలో గురుముఖంగా సాధన చేసినవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' గ్రంథం, మాదిగల మధ్య పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయానికీ ఇతర గురు సంప్రదాయాలకూ ఉన్న ఆదరణను విస్తృతంగా నమోదు చేసింది. గురువు వద్ద ఉపదేశం పొందడం, ఏకాంతంలో కూర్చోవడం, రాత్రివేళ కూడి తత్త్వాలు పాడుకోవడం వీరికి ముందే తెలిసిన పద్ధతులు.

కాబట్టి క్రైస్తవం తెచ్చిన సాయంకాల కూటం వాడకు పూర్తిగా అపరిచితమైనది కాదు. పనులు ముగించుకుని రాత్రి భోజనాల తరువాత ఒక ఇంటి ముందు కూడి పాడడం, విన్నదానిని చర్చించడం పాత వాడుకే. పాడే పాట, చెప్పే కథ మారాయి. ఇదే భక్తి వాతావరణాన్ని మరొక కోణంలో ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి 'మాలపల్లి'లో చిత్రించారు. రామదాసు కుటుంబపు భక్తి, తత్త్వచింతన ఆ నవలకు ఆధారభూమి. దళితవాడలో ఆధ్యాత్మిక సాధన క్రైస్తవంతోనే మొదలైందన్న భావనకు ఈ నవల సమాధానం. క్రైస్తవం ఆ సాధనకు వారపు నియతిని, అక్షరాన్ని జోడించింది.

ఈ సందర్భంలో తెలుగు బైబిలు అనువాదపు పదజాలం గమనించదగినది. లూకా సువార్తలో యేసు విశ్రాంతిదినాన సమాజమందిరానికి వెళ్లడాన్నీ, ఒలీవల కొండకు వెళ్లడాన్నీ చెప్పేచోట్ల అనువాదకులు 'వాడుక' అన్న మాట వాడారు. 'ఆచారం' అన్న మాట చేతిలో ఉండగా ఈ మాట రావడం ఆలోచింపజేస్తుంది. తెలుగులో ఆచారం కులానికీ మడికీ పెద్దల నిర్ణయానికీ ముడిపడిన మాట. ఆచారవంతుడు అన్నప్పుడు అంటు పాటించేవాడన్న అర్థం కూడా ధ్వనిస్తుంది. వాడుక అలాంటిది కాదు. పదేపదే వాడడం వల్ల ఏర్పడేది వాడుక. అది పుట్టుకతో రాదు, చేస్తే వస్తుంది, ఎవరికైనా వస్తుంది. ఆచారం పేరిట వెలికి గురైన సమాజానికి ఈ మాట ఇచ్చిన చోటు పెద్దది. అనువాదకులు దీనినంతా ఉద్దేశించారని చెప్పడం లేదు. విన్న వాడ ఆ మాటలో ఏం వినగలిగిందన్నదే ఇక్కడి ప్రశ్న.

నేర్పినవారు: పంతులు, పాట

అలవాటు ఉపదేశంతో రాదు, నేర్పేవారు కావాలి. 1872లో రామాయపట్నంలో స్థాపించిన దైవశాస్త్ర పాఠశాల బాప్టిస్టు పల్లెలకు ప్రసంగీకులను తయారుచేసింది. మూడు నెలలకొకసారి ఒంగోలులో జరిగే కూటాలలో ప్రసంగీకులు తమ పల్లెల సంగతులు చెప్పి, కొత్త పాఠం నేర్చుకుని, తిరిగి వెళ్లి దానినే మూడు నెలలు పల్లెల్లో నేర్పేవారు. నరసరావుపేట, వినుకొండ పల్లెలు వేరు కేంద్రాలుగా ఏర్పడే వరకు ఈ చక్రంలోనివే. వారానికి ఆదివారం, మూడు నెలలకు కూటం అనే రెండు చక్రాలు కలిసి పల్లె సంఘాన్ని నడిపాయి.

పల్లెలో ఈ క్రమానికి మూర్తి పంతులు. పగలు పిల్లలకు అక్షరాలు, సాయంత్రం పెద్దలకు ప్రార్థన, ఆదివారం ఆరాధన ఆయన పనులు. లూథరన్ పల్లెల్లో దీనికి ప్రశ్నోత్తర గ్రంథం ఆధారం. మార్టిన్ లూథర్ 1529లో వెలువరించిన చిన్న క్యాటకిజంలో పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభు ప్రార్థనలతో పాటు ఉదయ సాయంకాల ప్రార్థనలు కూడా ఉన్నాయి. వీటిని ఇంటి యజమాని ఇంటివారికి నేర్పాలన్నది లూథర్ ఉద్దేశం. సొంత ఇంటిపైన తప్ప మరి దేనిపైనా అధికారం లేని వాడ మనిషికి, ఇంటిల్లిపాదికీ నేర్పవలసిన గురువు నీవే అని చెప్పిన గ్రంథం అది. బాప్టిస్టు సంప్రదాయంలో ఇలాంటి నిర్ణీత ప్రార్థనలకు అంత ప్రాముఖ్యం లేదు. అక్కడ కంఠస్థ వాక్యం, సొంత మాటల ప్రార్థన, సాక్ష్యం ఆ స్థానాన్ని పొందాయి. సంవత్సర చక్రం విషయంలోనూ ఈ భేదం ఉంది. లూథరన్ పల్లెకు ఆగమన కాలం, శ్రమల కాలం వంటి సంఘ పంచాంగం ఉంది. బాప్టిస్టు పల్లెకు వారమే పంచాంగం.

రెండు సంప్రదాయాలనూ కలిపినది పాట. పర్లాకిమిడి ప్రాంతపు బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి 1833లో క్రైస్తవం స్వీకరించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) తెలుగులో రచించిన కీర్తనలు మిషన్ల హద్దులు దాటి వ్యాపించాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళ నిర్దేశంతో సాగే ఈ కీర్తనలు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనంలో ముఖ్యభాగం. చదువు రానివారికి ఈ సంకలనమే కంఠస్థ గ్రంథాలయం. కళ్లం దగ్గర, వరినాట్లలో, వంటింట్లో పల్లవి పాడుకునే స్త్రీకి ప్రార్థన వేరే సమయం కోరే పని కాదు, ఉన్న పనితో పాటే సాగేది. పల్లవి మళ్లీ మళ్లీ రావడం కీర్తన నిర్మాణ లక్షణం. అలవాటు లక్షణమూ అదే. తెలుగు క్రైస్తవ సాహిత్యంలో కీర్తన ప్రక్రియకు ఇంతటి ఆదరణ లభించడానికి సంగీతాభిరుచితో పాటు ఈ ఉపయోగమూ కారణమని చెప్పవచ్చు.

1933లో వెలువడిన 'క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా' అధ్యయనంలో జె. వాస్కం పికెట్, కంభం, గుంటూరు ప్రాంతాలతో సహా పలు సామూహిక క్రైస్తవ సమాజాలను పరిశీలించారు. ఏ కారణంతో మతం మారారన్నదానికన్నా, మారిన తరువాత ఎలాంటి బోధ, ఆరాధన అందాయన్నదే సమాజపు ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయించిందని ఆయన తేల్చారు. కరువులో మారినవారిని 'అన్నం కోసం మారినవారు' అని తీసిపారేసే వాదనకు ఇది బలమైన సమాధానం. ఉద్దేశం ఒకనాటిది, క్రమం జీవితకాలానిది. కరువు, కాలువ పని, మతం మారడం, ఆపై తరాల జీవితాన్ని ఒకే కథాక్రమంలో నిలిపిన జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000) నవల కూడా మతాంతరీకరణను ఒక క్షణంగా గాక, తరాల మీదుగా సాగే నడకగా చూపింది.

అలవాటు మోసుకొచ్చిన గోడలు

వారపు క్రమాన్ని విమోచన చరిత్రగా మాత్రమే చెబితే అది సగం చరిత్రే. పల్నాడు, గుంటూరు ప్రాంతాలలో లూథరన్ సంఘాలలో మాలలు, బాప్టిస్టు సంఘాలలో మాదిగలు అధికసంఖ్యాకులు. రెండు వాడలూ ఒకే ఆదివారం పని మానాయి, ఒకే కీర్తనలు పాడాయి, కానీ వేరువేరు మందిరాలకు నడిచాయి. కాలం ఒకటైంది, చోటు ఒకటి కాలేదు. ప్రతివారం వేరు దారిలో నడవడం కూడా అలవాటే. దానికి మతసిద్ధాంత భేదం అన్న గౌరవప్రదమైన పేరు దొరకడంతో, వాడల నడుమ పాత దూరం ప్రశ్నకు గురికాకుండా సాగింది.

పల్నాటి చరిత్ర స్మృతిలో దీనికి ఎదురుగా నిలిచే చిత్రం ఒకటుంది. శ్రీనాథుని ద్విపద కావ్యమైన 'పల్నాటి వీర చరిత్ర'తో, వీరగాథల గాన సంప్రదాయంతో ప్రసిద్ధమైన బ్రహ్మనాయుని చాపకూడు కులభేదం లేని సహపంక్తి భోజనంగా ఈ ప్రాంత ప్రజల మనసులో నిలిచింది. మాల కన్నమదాసు ఆ గాథలో మహావీరుడు. ప్రభు సంస్కారపు బల్ల కూడా అలాంటి సహపంక్తే కావాలి. ఒకే రొట్టె, ఒకే పాత్ర అన్నది దాని సారం. నెలనెలా క్రమం తప్పకుండా ఆ బల్ల చుట్టూ కూడుతూనే, పొరుగు వాడ బల్లకు దూరంగా ఉండగలగడం అలవాటు పరిమితిని చూపుతుంది. అలవాటు తాను నేర్చుకున్నదానిని నిలబెడుతుంది, నేర్చుకోనిదానిని తనంతట తాను కనిపెట్టదు.

రెండవ పరిమితి వెలికి సంబంధించినది. నియమం ఉన్నచోట నియమభంగం ఉంటుంది. నియమభంగం ఉన్నచోట విచారణ ఉంటుంది. గుర్రం జాషువ (1895–1971) వినుకొండ బాప్టిస్టు వాతావరణంలో పెరిగిన కవి. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణేతిహాసాల మీద ఆసక్తి చూపి పద్యాలు రాసినందుకు సంఘం ఆయనను వెలివేసిందని ఆయన జీవిత కథనాలు చెబుతాయి. కులం వల్ల ఒకవైపు, కావ్యాభిరుచి వల్ల మరొకవైపు తిరస్కారం పొందిన ఆయనే తరువాతి కాలంలో 'క్రీస్తు చరిత్ర' రచించారు. ఆ కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. సంఘపు క్రమశిక్షణ ఏది విగ్రహారాధన, ఏది కావ్యానుభవం అన్న తేడాను గుర్తించలేకపోయిన సందర్భంగా జాషువ జీవితాన్ని చదవవచ్చు. మూడవ నియమం డప్పు కొట్టే బానిసత్వం నుంచి వాడను విడిపించింది. అదే నియమం యాంత్రికంగా అన్వయించినప్పుడు వాడ నుంచి వచ్చిన మహాకవిని బయట నిలబెట్టింది. నియమం దాని కారణాన్ని మరచినప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి తెలుగు సాహిత్య చరిత్రలో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అరుదు.

క్రైస్తవ చరిత్రలో ఈ సమస్య పల్నాటితో మొదలైనది కాదు. ఆరవ శతాబ్దిలో బెనెడిక్టు మఠవాసుల కోసం రాసిన నియమావళి ప్రార్థనకూ పనికీ వేళలు నిర్ణయించింది. పద్దెనిమిదవ శతాబ్దిలో జాన్ వెస్లీ అనుచరులను వారి క్రమబద్ధ జీవితాన్ని ఎగతాళి చేస్తూ మెథడిస్టులన్నారు, ఆ పేరే నిలిచింది. అయితే మఠవాసికి తన కాలాన్ని దేవునికి అప్పగించే స్వేచ్ఛ ముందే ఉంది. పల్నాటి పాలేరుకు అప్పగించడానికి తనదైన కాలం లేదు. ముందు దానిని ఊరి నుంచి తిరిగి తెచ్చుకోవలసి వచ్చింది. ఈ తేడా తెలుగు క్రైస్తవ క్రమశిక్షణ చరిత్రకు ప్రత్యేకతను ఇస్తుంది.

ఉపసంహారం

నేటి పల్నాటి పల్లెల్లో ఈ క్రమం కొత్త రూపాలు తొడిగింది. తెల్లవారుజామున మందిరం మైకులో పాట, ఆదివారం ఉతికిన బట్టలు కట్టి బైబిలు చేతపట్టి నడిచే స్త్రీలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శ్రమదినాలలో ఇంటింటి కూటాలు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఎక్కడైనా కనిపిస్తాయి. లూథరన్ పంచాంగపు శ్రమల కాలం ఇతర సంఘాలకూ వాడుకైంది. వారం మాత్రమే పంచాంగంగా ఉన్నచోట సంవత్సర చక్రం వచ్చి చేరింది. ఏటి జీతాల వ్యవస్థ చాలావరకు పోయింది. ఆదివారం పని మానడం రైతుతో ఘర్షణ కాదిప్పుడు. రోజుకూలి నష్టమో, ప్రైవేటు కొలువులో సెలవు సమస్యో అయింది.

ఒక విషయంలో మాత్రం ఈ వారపు క్రమం ప్రాముఖ్యం తగ్గలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితునికి షెడ్యూల్డ్ కులపు హోదా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతుల 'సి' విభాగంలో చేర్చారు. ఫలితంగా ధ్రువపత్రంలోని మతం, ఆదివారపు మతం ఒకటి కాని కుటుంబాలు ఉన్నాయి. జనాభా లెక్కల అంకెలు ఆధారంగా తెలుగు క్రైస్తవ చరిత్ర రాయబోయే పరిశోధకునికి ఇది పెద్ద చిక్కు. కాగితం మౌనం వహించినచోట సాక్ష్యం చెప్పేది వాడుకే. ఎవరు ఏ వేళ ఎక్కడ కూడుతున్నారు, ఏ కీర్తన ఎవరికి కంఠస్థం, ఏ ఇంట దీపం వేళ ఎలాంటి ప్రార్థన జరుగుతున్నది అన్నవే నమ్మదగిన ఆధారాలు.

అందువల్ల తెలుగు శాఖలలో జరిగే పరిశోధన మిషన్ నివేదికలకూ ముద్రిత గ్రంథాలకూ పరిమితం కాకుండా, కంఠస్థ కీర్తనలను, సొంత మాటల ప్రార్థనలలోని నుడికారాన్ని, సంఘ పెద్దల తీర్పుల జ్ఞాపకాలను సేకరించవలసి ఉంది. ఆ ప్రార్థనల భాష మాండలిక పరిశోధనకు, ఆశుకవిత్వ లక్షణ పరిశీలనకు కూడా గొప్ప ముడిసరుకు. వాటిని నిత్యం పలికే వృద్ధతరం కాలధర్మం చెందుతున్నది. మైకు పాట, ముద్రిత ప్రసంగం పల్లెపల్లెకూ ఒకే మూసను తెస్తున్నాయి. మూడు నియమాలతో మొదలైన ఈ చరిత్రను దానిని జీవించినవారి మాటల్లోనే నమోదు చేయడానికి మిగిలిన వ్యవధి ఎక్కువ లేదు.